సముద్రం దాకా

పోయిన వారం సుశీలాబాయిని ఇంటి గడపలో, కనుకయ్య అన్న మాట దగ్గర నిలబెట్టి వచ్చాం. పెళ్ళయిన నాటి నుంచి మరమగ్గాల సాంచాలు ఆపి సరదాకని ఊరు దాటి ఎరగని ఆమె భర్త రాజమౌళి, ఉన్నట్టుండి కాల్హేర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని దగ్గర పాత మారుతీ వ్యాను కొనుక్కొచ్చాడు. మే నెలలో కార్ఖానాకు తాళం వేసి, పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, తానే నడుపుతూ కొంకణం ఒడ్డు పొడుగునా తిప్పుకొస్తానన్నాడు. పిల్లలు కాళ్ళు నేల మీద ఆనకుండా తిరుగుతున్నారు. కార్ఖానా మేస్త్రీ కనుకయ్య మాత్రం పనిగట్టుకుని ఇంటికొచ్చి, "వదినె, అన్నను బండి నడపనియ్యకు" అని ఒక్క మాట అన్నాడు. ఎందుకని అడిగేలోపే చెప్పులేసుకుని సందు మలుపు తిరిగాడు.

ఆ మాట సుశీల గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు.

గురువారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు భివండీ పద్మానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో మంచం నిండా మహారాష్ట్ర రోడ్ల మ్యాపు పరిచి ఉంది. పదో తరగతి పరీక్షలు రాసి కూర్చున్న కోమల్ ఒక పక్క, తొమ్మిదిలోకి రాబోతున్న శుభమ్ ఒక పక్క బోర్లా పడుకుని కొట్లాడుకుంటున్నారు. శుభమ్‌కి కొత్తగా వేసిన పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద పోవాలి, అక్కడి సొరంగాల్లో దీపాలు వేసుకుని పోతారట. కోమల్‌కి మహాబలేశ్వర్ "పాయిజే", కావాల్సిందే. క్లాసులో సగం మంది చూసొచ్చారు, తను ఇంకా చూడలేదు. తమ్ముడికి ఏం తెలుసని అక్క, అక్కకు బండిలో వాంతులవుతాయని తమ్ముడు. కిటికీ పక్క సీటు ఎవరిదన్న దాని మీద ఒక దిండు చిరిగింది.

మరో రోజయితే రాజమౌళి ఒక్క అరుపుతో ఇద్దర్నీ లేపేవాడు. జాతరకు పోతామంటే ముఖం ముడుచుకునే మనిషి. ఇవాళ మాత్రం గోడకానుకుని కూర్చుని, దేనికైనా సరేనంటున్నాడు. సొరంగాలూ చూద్దాం, మహాబలేశ్వరమూ ఎక్కుదాం, అక్కడి నుంచి ఘాట్ దిగి సముద్రం దాకా పోదాం అన్నాడు. దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు చదవమని కొడుకును అడిగాడు. ఒక్కసారి కూడా మ్యాపు మీదికి వంగలేదు. శుభమ్ ఒక్కో పేరూ చదువుతుంటే కళ్ళు మూసుకుని, ఏదో దండకం వింటున్నట్టు విన్నాడు.

ఎన్ని రోజులు తిరుగుదామని కోమల్ అడిగింది.

"మీ మనసు నిండేదాంక తిరుగుదాం బిడ్డా" అన్నాడు. "మళ్ల పోతమో, పోమో."

వంటింటి గుమ్మంలో రొట్టె పిండి పిసుకుతున్న సుశీల చెయ్యి ఆగిపోయింది.

ఆ మాటను ఆమె ఇంతకు ముందు విని ఉంది. తన భర్త నోట కాదు, వెనక సందులో ఉండే అంకుశం పెళ్ళాం నోట. పోయిన దసరాకు అంకుశం పిల్లలకు కొత్త బట్టలు కుట్టించాడు, పెళ్ళానికి చీర తెచ్చాడు, అందర్నీ ఠాణా తీసుకెళ్ళి హోటల్లో తినిపించాడు. మళ్ళీ తింటామో తినమో అన్నాడట నవ్వుతూ. పండగ వెళ్ళిన మర్నాడు తన కార్ఖానాలోనే దూలానికి వేలాడాడు. ఆ పిల్ల ఏడుస్తూ ఏడుస్తూ సుశీలతో అన్న మాట ఇదీ: ఆయన అంత మంచిగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది అక్కా.

సుశీల పిండి చేతులతోనే మొగుడి వైపు చూసింది. సాంచాలు ఆపుతున్నాడు. అడిగిందల్లా కాదనకుండా ఒప్పుకుంటున్నాడు. బండి తనే నడుపుతానంటున్నాడు, డ్రైవర్ వద్దంటున్నాడు. నలుగురూ ఒకే బండిలో. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉండే దారిలో. అన్నను బండి నడపనియ్యకు వదినె.

చేతిలోని పిండి ముద్ద పళ్ళెంలో పడింది.

పిల్లల ముందు ఏమీ అడగలేకపోయింది. ఆ రాత్రి అన్నం ఎలా వడ్డించిందో, ఎప్పుడు పడుకుందో ఆమెకే తెలియదు. తెల్లవారి లేవగానే మాత్రం, బండి నడక చూసి వస్తానని రాజమౌళి తాళం చేతులు తీసుకుంటుంటే, నేనూ వస్తున్నానంది. అతను వద్దన్నాడు. ఆమె వినలేదు. పిల్లలింకా నిద్రలో ఉన్నారు. వెనక కూర్చోమంటే ముందు సీట్లోనే కూర్చుంది.

శుక్రవారం భివండీలో సాంచాలకు సెలవు. వారమంతా చెవుల్లో మోగే ఆ టకటక ఒక్కసారిగా ఆగిపోతే ఊరికి చెవుడొచ్చినట్టుంటుంది. ఆ నిశ్శబ్దంలో వ్యాను అంజూర్ ఫాటా కూడలి వైపు సాగింది. రాజమౌళికి బండి కొత్తేం కాదు. పెళ్ళికి ముందు ఒక సేటు దగ్గర టెంపో తోలినవాడే. స్టీరింగ్ మీద చేతులు ఇప్పటికీ కుదురుగానే ఉన్నాయి. కానీ తల కుదురుగా లేదు. గింజలేరుకునే కోడిలా అటొకసారి, ఇటొకసారి మెడ తిప్పుతూనే ఉన్నాడు. చూడవలసింది ముందు రోడ్డయితే ఈ మనిషి ఎవరి కోసం వెతుకుతున్నాడా అనుకుంది సుశీల.

ఫాటా దాటి కాల్హేర్ దారి పట్టాక గోదాములు మొదలయ్యాయి. రోడ్డుకు ఎడమ వైపు ఒక గోదాము గేటులోంచి బట్టల బేళ్ళు ఎత్తుగా పేర్చిన తోపుడు బండిని ఒక హమాలీ వంగి నెట్టుకుంటూ రోడ్డు మీదికి వస్తున్నాడు. సుశీలకు దూరం నుంచే కనిపించింది. ఆగుతాడులే అనుకుంది. వ్యాను వేగం తగ్గలేదు. ఆమె మొగుడి ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, తెగింపు లేదు, ఏమీ లేదు. ఎదురుగా ఖాళీ రోడ్డు ఉన్నట్టే చూస్తున్నాడు.

ఆమె రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని తన కేసి లాగింది.

వ్యాను తోపుడు బండి వెనక అంచును రాసుకుంటూ రోడ్డు దిగి, ఇసుక కుప్పలోకి ముక్కు దూర్చి ఆగింది. బేళ్ళు రోడ్డు మీద దొర్లాయి. హమాలీ పక్కకు దూకి పడ్డాడు, లేచాడు, మోచెయ్యి చూసుకున్నాడు. మోచెయ్యి చర్మం లేచింది, అంతకు మించి దెబ్బలేదు. హిందీలో తిట్టవలసినవన్నీ తిట్టాడు. రాజమౌళి దిగి, చేతులు జోడించి, బేళ్ళు తిరిగి ఎత్తడానికి సాయం పట్టాడు. అప్పుడు కూడా ఒక బేలు కాళ్ళ పక్కనే ఉంటే దాన్ని తన్నుకుని తూలాడు. సుశీల అది చూసింది గాని, ఆమె మనసు అప్పటికే వేరే దారిలో చాలా దూరం పోయి ఉంది.

అతను తిరిగొచ్చి సీట్లో కూర్చున్నాక ఆమె నెమ్మదిగానే అడిగింది.

"ఎక్కడ పడేద్దామనుకున్నవ్ మమ్ముల? ఘాట్ల మీదనా, సముద్రంలనా?"

అతనికి అర్థం కాలేదు.

"అంకుశం గూడ గిట్లనే చేసిండు. అందరికి అన్ని కొనిచ్చిండు, తినవెట్టిండు. ఆయన ఒక్కడే పోయిండు. నువ్వు మమ్ముల గూడ తోల్కపోతున్నవ్. నన్ను తోల్కపో, వస్త. పిల్లలేం చేసిండ్రు నీకు?"

రాజమౌళి ముఖం మొత్తం ఆమె వైపు తిప్పాడు. ఈ మధ్య అతనెప్పుడూ అలాగే చూస్తున్నాడని, కనుకొనలతో చూడటం మానేశాడని ఆమెకు అప్పుడే తట్టింది.

"గట్లెట్ల అనుకున్నవే సుశీలా" అన్నాడు. "నాకు ఆ బండి కనవడలే."

ఆ తర్వాత అతను చెప్పుకుంటూ పోయాడు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు, స్టీరింగ్ మీద నుంచి చేతులు తియ్యకుండా చెప్పాడు. రెండేళ్ళ కిందట కార్ఖానాలో నడుస్తుంటే పక్కనున్న సాంచాలు భుజానికి తగలడం మొదలైంది. సందు ఇరుకైందనుకున్నాడు. తర్వాత మెట్లు తప్పాయి. ఎదురొచ్చిన మనుషులు పలకరిస్తే గాని తెలియలేదు. ఒకనాడు పక్కన ఆడుతున్న సాంచా బెల్టులోకి నడిచిపోతుంటే కనుకయ్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఠాణాలో కళ్ళ డాక్టరు దగ్గరికి బలవంతాన తీసుకెళ్ళింది కూడా అతనే. డాక్టరు దీన్ని కాలా మోతియా, గ్లాకోమా అంటారన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతుందట. నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఇంతే మిగులుతుంది, ఆఖరికి అదీ పోతుంది. చుక్కల మందు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్ళు ఆగుతుంది. పోయింది మాత్రం రాదు.

సుశీల వింటూ వింటూ ఒక పెద్ద ఊపిరి వదిలింది. చంపడానికి తీసుకుపోవడం లేదు. గుడ్డివాడవుతున్నాడు, అంతే. ఆ "అంతే" అన్న మాట తన మనసులో ఎలా వచ్చిందో తెలిసి మరుక్షణం సిగ్గుతో కుంచించుకుపోయింది. సిగ్గు వెనకనే కోపం వచ్చింది.

"కండ్లు కనవడయని తెల్సి గూడ పిల్లల్ని కూసోవెట్టుకోని ఘాట్లెక్కుదామనుకున్నవ్."

మెల్లగా పోదామనుకున్నానన్నాడు. పగలు మాత్రమే నడుపుదామనుకున్నాడు. శుభమ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, దారి చెప్పమని ఆటలా ఆడిద్దామనుకున్నాడు. డ్రైవర్‌ను పెడితే, బాపు ఎందుకు నడపడం లేదని పిల్లలు అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెప్పాక ఆ ప్రయాణం ప్రయాణంలా ఉండదు. బాపు బండి తోలితే వెనక కూర్చుని కొట్లాడుకున్నామని వాళ్ళకు ఒక్క జ్ఞాపకమైనా మిగలాలని ఆశపడ్డాడు. తప్పేనని ఒప్పుకున్నాడు. ఆ హమాలీ చచ్చిపోయి ఉంటే అని రెండుసార్లు అన్నాడు.

"ఇన్నేండ్లు పోగులే చూసుకుంట కూసున్న సుశీలా. కండ్లు మూసుకుంటె కోమల్ ఇంక ఆరేండ్ల పిల్ల లెక్కనే కనవడ్తది. ఇప్పటి మొఖం యాదికొస్తలేదు. మంచిగ ఒక్కసారి చూసి పెట్టుకుందామనుకున్న."

ఆమె ఏడవలేదు. ఏడుపు రావలసిన చోట ఇంకేదో అడ్డం పడింది. సిరిసిల్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో మామను చూసిన రోజులు గుర్తొచ్చాయి. తను కాపురానికి వచ్చేనాటికే ఆ ముసలాయన గోడలు తడుముకుంటూ నడిచేవాడు. గుంట మగ్గం మీద మసక వెలుతురులో నేసి నేసి కళ్ళు పోయాయని అందరూ చెప్పుకునేవారు. అప్పటికి ఆయన ముసలివాడు కూడా కాదు.

"మామకు గూడ గిదేనా?" అంది.

రాజమౌళి అవునన్నట్టు తల ఊపాడు. ఇసుక కుప్ప వైపు చూస్తూ కూర్చున్నాడు.

"డాక్టర్ ఇంక ఏం జెప్పిండు?"

ఇది రక్తంలో వస్తుందని చెప్పాడట. పిల్లలిద్దర్నీ తీసుకొచ్చి చూపించమన్నాడట. దీపావళికి ముందు.

దీపావళి పోయింది. సంక్రాంతి పోయింది. హోళీ పోయింది. సుశీల మొగుడి చొక్కా భుజం దగ్గర పట్టుకుంది. కొట్టడానికో, ఊపడానికో ఆమెకే తెలియలేదు. ఎందుకు చూపించలేదని అడిగింది.

"చూపిస్తె తెలుస్తది గద" అన్నాడు.

ఆ మాటకు ఆమె చెయ్యి వదిలేసింది. ముందు ఊరు తిరిగొద్దాం, తర్వాత తెలుసుకుందాం అనుకున్నాడట. తెలిసేదాకా వాళ్ళిద్దరూ మంచిగానే ఉంటారు కదా అనుకున్నాడట. చిన్నపిల్లాడు కళ్ళు మూసుకుని దాక్కున్నట్టు ఈ మనిషి ఆరు నెలలు దాక్కున్నాడు.

సుశీల బండి దిగింది. అటు తిరిగి వచ్చి, డ్రైవర్ వైపు తలుపు తెరిచి, తాళం చేతుల కోసం అరచెయ్యి చాపింది. అతను ఇచ్చాడు. ఆమె ఎండలో ఫాటా దాకా నడిచి, ఫోన్ బూత్ నుంచి కనుకయ్య ఇంటి కిందున్న కిరాణా కొట్టుకు ఫోన్ చేసింది. కనుకయ్య గొంతు వినగానే, నువ్వు ఆనాడే సగం కాకుండా మొత్తం చెప్పాల్సింది మరిదీ అంది. అన్న ఒట్టు పెట్టించుకున్నాడు వదినె అన్నాడతను. బండి తోలడానికి రమ్మంది. మధ్యాహ్నం ఠాణా పోవాలంది.

పిల్లలకు మాత్రం అబద్ధం చెప్పింది. బండి దూరం పోతుందో లేదో చూడ్డానికి ఠాణా దాకా పోతున్నామంది. అక్కడ కళ్ళ డాక్టరు దగ్గర బాపుకు చిన్న పని ఉంది, పనిలో పని మీరూ చూపించుకోండి, ఎండల్లో తిరగబోయే ముందు మంచిదంది. కోమల్ కొత్త చుడీదార్ వేసుకుంది. శుభమ్ మ్యాపు మడిచి చేత్తో పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు, కనుకయ్య కాకాకు తెలిసిన దారే మళ్ళీ చెప్పడానికి. బాపు ఎందుకు నడపడం లేదని శుభమ్ అడిగితే, మెడ పట్టిందని సుశీలే చెప్పింది.

కాశేలి వంతెన మీద ఉప్పు గాలి కొట్టింది. కిందున్న ఖాడీ పాయలో నీళ్ళు చూసి సముద్రం ఇక్కడి నుంచే మొదలవుతుందా అని శుభమ్ అడిగాడు. ఇదంతా సముద్రం నీళ్ళే, పోటుకు ఇంత దూరం వస్తాయని కనుకయ్య చెప్పాడు. అయితే సముద్రం చూడ్డానికి అంత దూరం పోవడమెందుకు, ఇక్కడే ఆగుదామని కోమల్ నవ్వింది. గాలికి జుట్టు ముఖం మీద పడితే తోసుకుంటూ నవ్వింది. రాజమౌళి ఆమె పక్కన కూర్చుని, ముఖం పూర్తిగా తిప్పి, రెప్ప వెయ్యకుండా ఆ నవ్వు చూస్తున్నాడు. ఏంది బాపూ అట్ల చూస్తున్నవని అడిగిందా పిల్ల. సుశీల కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

దవాఖానాలో డాక్టరు రాజమౌళిని గుర్తుపట్టాడు. పిల్లల్ని చూసి, ఇప్పటికైనా తెచ్చారా అని మాత్రం అన్నాడు. ఇద్దరి కళ్ళలోనూ చుక్కలు వేసి, కంటికి ఏదో ఆనించి ఒత్తిడి కొలిచాడు. ఎంత ఉందో బయటికి చెప్పలేదు. పక్కనున్న చీకటి గదిలోకి ఒకరి తర్వాత ఒకర్ని పంపమన్నాడు. అక్కడొక మిషను ఉంటుంది. తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి తల పెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగా చూస్తుండాలి. చుట్టూ ఎక్కడ దీపం చుక్క మెరిస్తే అప్పుడు చేతిలోని బటన్ నొక్కాలి. ఏమీ కష్టం లేదని లోపలున్న నర్సు పిల్లలకు మరాఠీలో చెప్పింది.

ముందు శుభమ్ వెళ్ళాడు. సుశీల ఆ బెంచీ మీద కూర్చుని తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. ఊళ్ళోని ఎల్లమ్మను, మార్కండేయుణ్ణి, ఇక్కడి గణపతిని, ఎదురు బెంచీ మీద బురఖా వేసుకున్న ముసలమ్మ వేళ్ళ మధ్య తిరుగుతున్న తస్బీహ్ పూసలను కూడా మొక్కింది. శుభమ్ తలుపు తీసుకుని ఎగురుకుంటూ బయటికొచ్చాడు. వీడియో గేమ్ లెక్క ఉంది, ఒక్క దీపం కూడా వదల్లేదు, నర్సు శాబాష్ అందని చెప్పాడు. సుశీల కొడుకు తల దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. నలుగురూ చూస్తున్నారని వాడు విడిపించుకున్నాడు.

రాజమౌళి భుజాలు కొంచెం దిగాయి. కొడుకుకు రాలేదు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుందనే కదా ఇన్నాళ్ళూ లోలోపల వాణ్ణే చూస్తూ వణికింది. ఆడపిల్ల సంగతి అతను ఆలోచించనేలేదు. పదిలో మంచి మార్కులొస్తాయనుకుంటున్న పిల్ల, సూదిలో దారం మొదటిసారికే ఎక్కించే పిల్ల.

కోమల్ లోపలికి వెళ్ళింది. తమ్ముడికి పట్టిన సమయం దాటిపోయింది. ఒకసారి నర్సు బయటికొచ్చి డాక్టరు గదిలోకి వెళ్ళింది. డాక్టరు వచ్చి చీకటి గదిలోకి వెళ్ళాడు, మళ్ళీ తన గదికి పోయాడు. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు.

చివరికి కోమల్ విసుగ్గా కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"వాళ్ల మిషన్ ఖరాబున్నదమ్మా" అంది. "ఎడమ కన్నుకు మంచిగనే వచ్చినయ్. కుడి కన్నుకు మధ్యల రెండు మూడు వచ్చినయ్, అంతే. రెండుసార్లు కూసోవెట్టిండ్రు. దీపాలే రాకుంటె నేనేం నొక్కాలె?"

నాకు అంతటా వచ్చాయి కదా అన్నాడు శుభమ్. నీ అప్పుడు బాగుండింది, నా వంతుకే చెడిపోయింది అంది కోమల్. అక్క నిద్రపోయి ఉంటుందని వాడు, నువ్వే అన్నీ ఊరికే నొక్కి ఉంటావని ఆమె, మళ్ళీ మొదలుపెట్టారు.

డాక్టరు తన గది తలుపు తీసి, తల్లినీ తండ్రినీ లోపలికి రమ్మన్నాడు. పిల్లల్ని బయటే ఉంచమన్నాడు.

సుశీల లేచింది. రాజమౌళి గాల్లో తడుముతూ ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. తలుపు దాకా నడిచి, అక్కడ ఆగి, పిల్లలకు వినపడకుండా ఆమె చెవి దగ్గర అన్నాడు.

"నేను గూడ మొదటిసారి గదే మాటన్న సుశీలా. మిషన్ ఖరాబున్నదని."